మయసభ – నగుబాటు

హైదరాబాదు మాదాపూరున 1998లో ప్రారంభమైన సైబర్ టవర్సు మొదలుగాగల అద్దాల మేడలను మయసభతో పోల్చుట సులభము. ఆ పోలిక ఎంతవరకు సమంజసమో విచారింపదగియున్నది.

మయుడు పదునాలుగు నెలలలో నిర్మించిన ఆ సభలో దుర్యోధనుడు స్ఫటికతలమును నీరని భ్రమించి వస్త్రమును పైకెత్తుకొనెను. నీటిని నేలయనుకొని తడిసెను. మూసిన ద్వారమును తెరచినదని తలచి నుదురు కొట్టుకొనెను. అయినను అతని హృదయమును దహించినది భ్రమ కాదు, చూచినవారి నవ్వు. సంస్కృత భారత కథనమున భీమార్జునులును, కవలలునేకాక కింకరులు సైతము నగిరి. ద్రౌపది నవ్వెనని చెప్పినది, పిమ్మట తండ్రియెదుట, దుర్యోధనుడే. రాజు ఎరుగని మార్గమును సేవకు డెరుగుటయే ఇందలి విశేషము.

మన చలనచిత్రములు ఈ మర్మమును గ్రహించినవి. 'మాయాబజార్' (1957) ప్రేక్షకుని మాయ నెరిగినవారి పక్షమున నిలిపి నవ్వించినది. 'దాన వీర శూర కర్ణ' (1977) నగుబాటు పొందినవాని వేదనను వినిపించినది.

కావున మయసభకు లక్షణము అద్దము కాదు. తోవ నెరిగినవానికిని ఎరుగనివానికిని నడుమనున్న అంతరము. సైబర్ టవర్సు గాజు నీరువలె నటింపదు. క్రొత్తగా అడుగిడినవాడు తడబడినపుడు లోపలివారు చేయి అందింతురా, నవ్వుదురా అనునదియే ఈ పోలికకు గీటురాయి.