పన్నెండేళ్ళ పిల్లకి రెండు పాఠాలు

ఆడపిల్లకి పన్నెండో ఏడు వచ్చేసరికి ఏ తల్లయినా ఓ మధ్యాహ్నం వేళ దాన్ని దగ్గర కూచోబెట్టుకుని నాలుగు మాటలు చెప్పక తప్పదు. ఆ మాటలేమిటో మీకు నేను చెప్పక్కర్లేదు. మనకి మన అమ్మలు సగం చెప్పి సగం మింగేసినవే! కానీ అమెరికాలో స్టార్ అనే నల్లపిల్లకి ఆ వయసులో అమ్మా నాన్నా రెండు పాఠాలు చెబుతారు. ఒకటి మనకి తెలిసిందే. రెండోది, పోలీసు ఆపితే చేతులెక్కడ పెట్టుకోవాలో, ఎలా కదలకుండా ఉండాలో, నోరెప్పుడు విప్పాలో.

ఏంజీ థామస్ రాసిన 'ది హేట్ యు గివ్' నవలలోది ఈ సంగతి. 2017లో వచ్చింది. రచయిత్రిది మిసిసిపి రాష్ట్రంలోని జాక్సన్ నగరం. 2009 కొత్త సంవత్సరం నాడు ఓక్లండ్ రైలు స్టేషన్లో ఆస్కార్ గ్రాంట్ అనే నిరాయుధుడైన కుర్రాణ్ణి పోలీసు కాల్చి చంపాడు. కాలేజీలో చదువుతున్న ఈవిడ ఆ బాధలో ఓ చిన్న కథ రాసుకుంది. అదే పెరిగి నవలయింది.

కథ పెద్ద చిక్కుముడేం కాదు. పదహారేళ్ళ స్టార్ ఓ రాత్రి చిన్ననాటి స్నేహితుడు ఖలీల్‌తో కార్లో వస్తూంటుంది. పోలీసు ఆపుతాడు. కారు దిగి నిలబడ్డ ఖలీల్, పాపం, లోపలున్న పిల్ల భయపడుతోందేమోనని తలుపు తీసి, బాగానే ఉన్నావా అని అడుగుతాడు. అంతే! తుపాకీ పేలుతుంది. పోలీసు తుపాకీ అనుకున్నది తల దువ్వుకునే బ్రష్షు. చూసిన సాక్షి స్టార్ ఒక్కతే. చెప్పాలా, నోరు మూసుకోవాలా? నవలంతా ఈ ఒక్క ప్రశ్నే.

నాకీ నవలలో బాగా నచ్చినవి ఆ ఇంటి మనుషులూ, వంటింటి కబుర్లూ. జైలుకి వెళ్ళొచ్చి కిరాణా కొట్టు నడుపుకునే తండ్రి, నర్సు ఉద్యోగం చేసే తల్లి, అన్నీ కలిపి మన ఇరుగుపొరుగిల్లులాగే ఉంటుంది. మేనమామ కార్లోస్ స్వయానా పోలీసు శాఖలో డిటెక్టివు. తండ్రి జైల్లో ఉన్న మూడేళ్ళూ స్టార్‌ని కళ్ళలో పెట్టుకు చూసుకున్నవాడు. అటు ఖాకీ స్నేహాలు, ఇటు మేనకోడలి కన్నీళ్ళు! పోలీసులంటే రాక్షసులని తేల్చెయ్యకుండా ఈ మేనమామని మధ్యలో నిలబెట్టడంలోనే రచయిత్రి నిజాయితీ ఉంది.

ఇంకొకటి. స్టార్ చదివేది ఊరికి దూరంగా, తెల్లపిల్లల ప్రైవేటు స్కూల్లో. పేటలో ఒక భాష, బడిలో ఒక భాష. గొంతు పెంచదు, కోపం కనబడనివ్వదు. పుట్టింట్లో ఒక గొంతూ అత్తింట్లో ఒక గొంతూ అలవాటైన మనకి ఇది విడమరిచి చెప్పాలా? కాకపోతే మనం చాలామందికి అది మర్యాద. ఆ పిల్లకి మాత్రం ప్రాణరక్షణ.

అయితే నా ఫిర్యాదూ ఇక్కడే. బడిలోని అన్యాయాన్నంతా రచయిత్రి హేలీ అనే ఒక్క తెల్లపిల్ల నోటి దురుసుతనంలో కుక్కేసింది. ఆ స్నేహం తెగిపోతే బడి గొడవ తీరిపోయినట్టే అనిపిస్తుంది. నిజానికి తీరుతుందా? అక్కడి విద్యాశాఖ 2011-12 లెక్కలు చూడండి. బడికి ముందరి శిశుతరగతుల్లో నల్లపిల్లలు 18 శాతం. ఒకసారి కంటే ఎక్కువసార్లు సస్పెండయిన పసివాళ్ళలో మాత్రం వాళ్ళే 48 శాతం! నాలుగేళ్ళ వెధవాయి చేసే అల్లరేమిటి, వాణ్ణి సస్పెండ్ చెయ్యడమేమిటి చెప్మా? 2015లో దక్షిణ కరోలినాలో ఓ హైస్కూలు తరగతిలో, పోలీసు ఒక నల్లపిల్లని కూచున్న డెస్కుతో సహా వెనక్కి పడేసి ఈడ్చాడు. ఇవి ఏ ఒక్క హేలీ బుద్ధీ మారితే మారేవి కావు. నవలలో పంతుళ్ళూ హెడ్మాస్టర్లూ కాస్త నోరు విప్పి ఉంటే బావుండేది.

చివర కుటుంబం పేట వదిలి వేరే ఇంటికి మారడం కూడా నాకు అంత రుచించలేదు. ఇల్లు మారిస్తే తీరే కష్టమా ఇది? అయినా గ్రాండ్ జ్యూరీ ఆ పోలీసు మీద కేసే అక్కర్లేదన్నాక స్టార్ నోరు మూసుకోలేదు. వీధిలో నిలబడి మైకు పట్టుకుంది. ఆ ఘట్టం కోసమైనా చదవాలి. ఆ మాట గట్టిగానే తగిలినట్టుంది. 2018లో దక్షిణ కరోలినాలో ఓ పోలీసు సంఘం వారు హైస్కూలు వేసవి పుస్తకాల జాబితాలో దీన్ని ఉంచడానికి వీల్లేదన్నారు!

"ఎక్కడో నల్లవాళ్ళ గొడవ మనకెందుకండీ?" అనకండి. 2015లో అలబామాలో మనవణ్ణి చూసుకోడానికి వెళ్ళిన గుజరాతీ తాతగారు పొద్దుటే వీధిలో నడుస్తోంటే, ఎవరో 'నల్లవాడు తిరుగుతున్నాడు' అని ఫోన్ చేశారు. పోలీసు నేలకేసి కొడితే ఆయనకి కాళ్ళూ చేతులూ స్వాధీనం తప్పాయి. 2023 జనవరిలో సియాటిల్లో రోడ్డు దాటుతున్న మన ఆంధ్రా విద్యార్థినిని పోలీసు కారు గుద్ది చంపేసింది. 25 మైళ్ళు దాటకూడని వీధిలో 74 మైళ్ళ వేగం! ఆ చావు గురించి ఇంకో పోలీసు ఫోన్లో నవ్వాడు. నవ్వినందుకు 2024లో అతని ఉద్యోగం ఊడింది, అది వేరే సంగతి.

అసలు మన పిల్లలకి ఆ దేశం తలుపు బాగా తెరుచుకున్నది 1965 వలస చట్టంతో. ఆ నల్లవాళ్ళు దెబ్బలు తిని, జైళ్ళకెళ్ళి సాధించిన హక్కుల ఉద్యమపు గాలే ఆ తలుపూ తీసింది. ఆ తలుపులోంచి వెళ్ళిన పిల్లలకి ఫోన్లో మనం మొట్టమొదట చెప్పే మాటేమిటి? "నల్లవాళ్ళున్న పేటలో ఇల్లు తీసుకోకురా నాయనా!" ఈ నవల చదివాక ఆ మాట నోటికి రావడం కష్టం. రాకపోతేనే మంచిది.