తెరిస్తే విరిగే మూత

2018 ఫిబ్రవరిలో, దక్షిణ కొరియాలోని ప్యాంగ్‌చాంగ్‌లో శీతాకాల ఒలింపిక్స్ జరుగుతుండగా, ఒక వార్త విని చాలామందికి నవ్వొచ్చింది. కర్లింగ్ ఆడే మనిషి డోపింగ్‌లో పట్టుబడ్డాడట! రష్యా ఆటగాడు అలెగ్జాండర్ క్రుషెల్నిత్‌స్కీ, భార్య అనస్తాసియా బ్రిజ్‌గలోవాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్‌లో కంచు పతకం గెలిచాడు. అతని మూత్రంలో మెల్డోనియం అనే గుండెమందు దొరికింది. మంచుగడ్డ మీద రాయి జార్చి, దాని ముందు చీపురుతో రుద్దుకుంటూ పోయే ఆటకి మందుతో ఏం పని?

తమిళనాడులోని ధర్మపురి వైపు వాళ్ళకి మంచు కొత్త గాని రాయి కొత్త కాదు. ఇక్కడా, 2004 దాకా ఈ జిల్లాలోనే ఉన్న కృష్ణగిరి వైపూ గ్రానైట్ క్వారీలు ఉన్నాయి. కర్లింగ్ రాయీ గ్రానైటే, బరువు 20 కిలోలకి కాస్త తక్కువ. ఒలింపిక్స్‌లో వాడేది స్కాట్లాండ్ తీరాన ఎయిల్సా క్రెయిగ్ అనే చిన్న దీవి రాయి. అది నీళ్ళు దాదాపు పీల్చదు కనక మంచు మీద తిరిగినా తొందరగా పగలదు. ఆ రాయి చెక్కే తీరు మీద వేరే వ్యాసం రాయొచ్చు. నేను చెప్పదలచుకున్నది ఆ మందుని పట్టుకున్న పనితనం గురించి. ఎవరూ అనుమానించని ఆటలో, ఎవరూ ఎదురుచూడని మందుని, అంతే శ్రద్ధగా వెతికి పట్టుకున్నారు. నాకు ముచ్చటేసింది అందుకే.

శ్రమ లేని ఆట అన్న మాట సగమే నిజం. రాయి ముందు మంచుని గట్టిగా రుద్దే వాళ్ళ గుండె పరుగుపందెంలో కొట్టుకున్నట్టే కొట్టుకుంటుంది. మిక్స్‌డ్ డబుల్స్‌లో జట్టుకి ఇద్దరే కావడంతో, రాయి వదిలినవాళ్ళే లేచి వెంటపడి రుద్దాల్సి వస్తుంది. ఇంకో సంగతి, మందులన్నీ కండ కోసమే వాడరు. గుండె వేగాన్ని తగ్గించి చేతి వణుకు ఆపే బీటా బ్లాకర్లున్నాయి. రక్తపోటుకి మన ఇళ్ళలో పెద్దవాళ్ళు వేసుకునే మాత్రల జాతే. గురి ముఖ్యమైన ఆటల్లో అవి నిషిద్ధం. 2008 బీజింగ్‌లో ఉత్తర కొరియా షూటర్ కిమ్ జోంగ్ సు నమూనాలో ప్రొప్రనలోల్ దొరికి, వెండి, కంచు పతకాలు రెండూ పోయాయి. మంచు ఆటల్లో స్కీ జంపింగ్ ఆ పట్టికలో చాలాకాలం ఉంది. ఒకప్పుడు కర్లింగ్ కూడా ఉండేది, పేకాట బ్రిడ్జ్ కూడా! పేకముక్కలు పట్టుకునేవాళ్ళ మూత్రం పరీక్షించడమా అని నవ్వుకోవచ్చు గాని, పట్టిక రాసినవాళ్ళకి చెయ్యి ఎక్కడ వణుకుతుందో తెలుసు.

ఇక ఆ మూత్రం పట్టే సీసా సంగతి. స్విట్జర్లాండ్‌లో బెర్లింగర్ అనే కుటుంబ సంస్థ ఒకప్పుడు బట్ట నేసేది. తర్వాత అదే సంస్థ బెరెగ్ కిట్ పేరుతో ప్రపంచమంతా వాడే డోపింగ్ సీసాలు చేసింది. ఒక పెట్టెలో రెండు గాజు సీసాలుంటాయి, ఏ, బీ అని. రెండింటికీ ఒకే సంఖ్య, ఆ సంఖ్య గాజు మీదా మూత మీదా చెక్కి ఉంటుంది. మూత లోపల పళ్ళున్న లోహపు కట్టు ఉంటుంది. మూత తిప్పుతుంటే కటకటమని పళ్ళు పడతాయి. సైకిల్ ఫ్రీవీల్ లాగే ముందుకే తిరుగుతుంది గాని వెనక్కి రాదు. ఒకసారి బిగిశాక దాన్ని తీయడానికి ప్రయోగశాలలో ప్రత్యేకమైన యంత్రం ఉంటుంది. అది మూతని విరిచి తీస్తుంది. విరిగిన మూతని మళ్ళీ వాడలేరు. తెరవడానికి వీల్లేని సీసా చేయడం తేలిక. తెరిస్తే తెరిచినట్టు జగమంతా తెలిసిపోయే సీసా చేయడం కష్టం. పనివాడి తెలివంతా అక్కడుంది.

అంత తెలివినీ 2014లో సోచీ ఒలింపిక్స్‌లో ఓడించారు. మాస్కో ప్రయోగశాలని నడిపిన గ్రిగొరీ రోద్చెన్‌కోవ్ 2016లో అమెరికా పత్రికకి ఆ కథంతా చెప్పేశాడు. సోచీ ప్రయోగశాల గోడకి చిన్న కన్నం. రాత్రిపూట ఆ కన్నంలోంచి సీసాలు అవతలి గదికి, అక్కణ్ణుంచి గూఢచారి శాఖ మనుషుల చేతికి వెళ్ళేవి. వాళ్ళు మూతలు విరగకుండా తీసి, లోపలి మూత్రం పారబోసి, నెలల క్రితం మందు వాడని రోజుల్లో దాచిపెట్టుకున్న మూత్రం నింపి తిరిగి పంపేవాళ్ళు. పాత మూత్రం చిక్కదనం కాగితం మీది అంకెతో సరిపోవాలని ఉప్పు కలిపేవాళ్ళు. నేరమే గాని, అదీ ఒక రకం పనితనమేనని ఒప్పుకోక తప్పదు.

వాళ్ళని పట్టించింది మాత్రం ఆ పళ్ళ కట్టే. సన్నటి పనిముట్టు పోనిచ్చి కట్టుని పైకి నెట్టినప్పుడు మూత లోపలి వైపు గీతలు పడ్డాయి. కెనడా న్యాయశాస్త్ర ఆచార్యుడు రిచర్డ్ మెక్‌లారెన్ విచారణలోనూ, ఆ తర్వాత ఒలింపిక్ కమిటీ కోసం లోజాన్ విశ్వవిద్యాలయం నిపుణులు చేసిన పరీక్షల్లోనూ ఆ గీతలే సాక్ష్యం చెప్పాయి. కొన్ని సీసాల్లో ఉప్పు ఆరోగ్యవంతుడి ఒంట్లో ఉండనంత ఎక్కువ కనపడింది. ఓడిపోయిన సీసా కూడా తాను ఓడిపోయానని రాసిపెట్టుకుంది. అంతకంటే గొప్ప మూత ఏముంటుంది?

ఆ దెబ్బకి కొత్త నమూనా చేశారు. ప్యాంగ్‌చాంగ్ క్రీడలు మొదలయ్యే ముందు, 2018 జనవరిలో, జర్మనీలోని కొలోన్ ప్రయోగశాల ఒక చిక్కు బయటపెట్టింది. గడ్డకట్టించిన తర్వాత కొత్త సీసాల్లో కొన్ని చేత్తోనే తెరుచుకుంటున్నాయట. గడ్డకట్టించడమేమో వింత పరిస్థితి కాదు, నమూనాలు దాచే పద్ధతే అది. ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వాడా వెంటనే పాత 2016 నమూనాకే మళ్ళింది. కర్లింగ్ ఆటగాడి మూత్రం అందులోకే వెళ్ళింది. కొత్తదాని పేరూ ఖర్చూ చూసి మొహమాటపడకుండా పాతదానికి తిరగడం నాకు నచ్చింది. మన దగ్గర కొత్త యంత్రం కొన్నాక పాతదానికి తిరగమంటే ఎంతమంది ఒప్పుకుంటారు?

సీసా ఎంత గొప్పదైనా చేతులు మారితే దండగ. అందుకని ఈ పద్ధతిలో ఆటగాడి చేతికే పని ఎక్కువ. కబురు అందినప్పటి నుంచి ఒక మనిషి అతని వెంటే ఉంటాడు. పెట్టెల్లోంచి తనకి నచ్చిన పెట్టె ఆటగాడే ఎంచుకుంటాడు. కనీసం 90 మిల్లీలీటర్లు కావాలి. అందులో కనీసం 30 బీ సీసాలోకి, 60 ఏ సీసాలోకి పోస్తారు. పోయడం, మూత బిగించడం అతని వంతే, అధికారి ముట్టుకోడు. అడుగున మిగిలిన కాస్తతో చిక్కదనం చూస్తారు, నీళ్ళు తాగి పలచన చేశారేమోనని. ప్రయోగశాలకి పేరు వెళ్ళదు, సంఖ్యే వెళుతుంది. అక్కడ కూర్చున్న రసాయన శాస్త్రవేత్తకి తన ముందున్నది ఒలింపిక్ విజేతదో ఊరూపేరూ లేనివాడిదో తెలియదు. ఏ సీసాలో తేడా కనపడితే బీ సీసాని ఆటగాడు గాని అతని మనిషి గాని చూస్తుండగా తెరవొచ్చు. నమూనాల్ని పదేళ్ళ దాకా దాచి మళ్ళీ పరీక్షించే హక్కు కూడా ఉంది.

మెల్డోనియం చిన్న అణువు. లాట్వియాలో పుట్టిన మందు. ఒంట్లో కార్నిటిన్ తయారీని అడ్డుకుని, కండరం కొవ్వుకి బదులు చక్కెరని ఎక్కువగా మండించేలా చేస్తుంది. 2016 జనవరి 1 నుంచి నిషిద్ధం. దానికి ముందే ఏడాదిపాటు ఎవరినీ శిక్షించకుండా, ఎంతమంది వాడుతున్నారో చూశారు. 2015 బాకూ యూరోపియన్ క్రీడల్లో 762 నమూనాల్లో 66 చోట్ల కనపడింది. నిషేధించే ముందు లెక్క చూసుకోవడం కూడా పనితనంలో భాగమే.

ఈ అణువుకి నీళ్ళంటే మహా ఇష్టం. స్టెరాయిడ్లని మూత్రంలోంచి ద్రావకంతో లాగినట్టు దీన్ని లాగలేరు. మామూలు గొట్టంలో పంపితే ఆగకుండా చెత్తతో కలిసి జారిపోతుంది. నీటిని ఇష్టపడే అణువుల్ని పట్టి ఆపే వేరే రకం గొట్టం కావాలి. అక్కణ్ణుంచి అణువుల బరువు చూసే మాస్ స్పెక్ట్రోమీటర్‌లోకి వెళుతుంది. అందులో విద్యుదావేశం పొందిన మెల్డోనియం 147 బరువుతో కనపడుతుంది. దాన్ని గుద్ది విరగ్గొడితే 58 బరువున్న ముక్క వస్తుంది. ఒక్క ముక్క సరిపోతే చాలదు, కనీసం రెండు ముక్కలు సరిపోవాలి, వాటి పాళ్ళూ సరిపోవాలి. గొట్టంలోంచి బయటపడే సమయం అసలు మందు బయటపడే సమయంతో కలవాలి. ఇన్ని కలిస్తేనే ‘ఉంది’ అని రాస్తారు.

ఒంట్లో ముందే ఉండే పదార్థం అయితే ఎలా? టెస్టోస్టెరాన్ ప్రతి ఒంట్లోనూ తయారవుతుంది. బయటినుంచి ఎక్కించిందీ అచ్చం అదే అణువు. బరువు చూసినా ముక్కలు చూసినా తేడా ఉండదు. ఇక్కడే నాకు ధర్మపురి గుర్తొస్తుంది. ఈ ప్రాంతపు తిండి రాగి సంగటి. తమిళనాడులో రాగులు ఎక్కువగా పండే జిల్లాల్లో ఇదొకటి.

తేడా పట్టించేది తిండిలోంచి వచ్చే కర్బనమే. కర్బనంలో నూటికి ఒకటి చొప్పున కాస్త బరువైన రకం ఉంటుంది, కార్బన్ 13 అంటారు. వరి, గోధుమ, పప్పులు, సోయా గాలిలోంచి కర్బనాన్ని తీసుకునేటప్పుడు ఆ బరువు రకాన్ని చాలావరకు వదిలేస్తాయి. రాగి, జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు అంతగా వదలవు. తిన్నది ఒంట్లో చేరుతుంది గనక, సంగటి తినేవాడి ఒంట్లో తయారైన హార్మోన్లలో బరువు కర్బనం అన్నం తినేవాడి కంటే ఎక్కువ. జొన్నచొప్ప మేసిన గేదె పాలకీ ఈ గుర్తు ఉంటుంది. కంపెనీలు అమ్మే టెస్టోస్టెరాన్ సాధారణంగా సోయా వంటి మొక్కల్లోంచి తీసిన సరుకుతో చేసింది కాబట్టి అందులో బరువు కర్బనం తక్కువ. హార్మోన్‌ని వేరు చేసి, కొలిమిలో కాల్చి బొగ్గుపులుసు వాయువు చేసి, ఆ వాయువులో బరువు రకం పాళ్ళు కొలిస్తే, అది ఒంట్లో పుట్టిందో కంపెనీలో పుట్టిందో తెలుస్తుంది.

మరి సంగటి తినే కుర్రాడికీ, కోనసీమ అన్నం తినే కుర్రాడికీ ఒకటే గీత గీస్తే అన్యాయం కాదా? గీయరు. ఆ కుర్రాడి ఒంట్లోనే పుట్టిన, టెస్టోస్టెరాన్ ఎక్కించుకున్నా మారని ఇంకో పదార్థాన్ని కూడా అదే నమూనాలోంచి తీసి కొలుస్తారు. రెండింటి మధ్య తేడా వెయ్యికి 3 పాళ్ళు దాటితేనే అనుమానం. అంటే ఎవరి తిండికి వాళ్ళ తిండే తూకంరాయి. ఎక్కడో ఐరోపాలో రాసిన పద్ధతిలో మన జొన్నరొట్టెకీ సంగటికీ చోటుండటం చూసి నేను నిజంగా సంతోషించాను. ఒక మాట ఒప్పుకోవాలి. వరి, గోధుమ తినేవాళ్ళ అంకెలు కంపెనీ సరుకుకి దగ్గరగా ఉండటం వల్ల వాళ్ళలో మోసం పట్టడం కష్టం. సంగటి తినేవాడు మోసం చేస్తే ఇట్టే దొరుకుతాడు.

ధర్మపురికి పాతపేరు తగడూరు. ఇక్కడ ఏలిన అదియమాన్ నెడుమాన్ అంజికి ఆయుష్షు పెంచే ఉసిరికాయ దొరికితే తాను తినకుండా కవయిత్రి అవ్వైయార్‌కి ఇచ్చాడని తమిళులు చెప్పుకుంటారు. బలం పెంచే పదార్థం చేతికొస్తే పక్కవాళ్ళకిచ్చిన మనిషి ఆటల చరిత్రలో నాకింకా కనపడలేదు.

ఇక క్రుషెల్నిత్‌స్కీ విషయంలో బీ సీసాలోనూ మెల్డోనియమే కనపడింది. పతకం వెనక్కిచ్చాడు. తెలిసి వాడలేదన్నాడు గాని, అది నిరూపించలేకపోయాడు. అంతర్జాతీయ క్రీడా న్యాయస్థానం నాలుగేళ్ళ నిషేధం వేసింది. కంచు పతకం నార్వే జంట క్రిస్టిన్ స్కాస్లియెన్, మాగ్నస్ నెడ్రెగాటన్‌కి దక్కింది. వాళ్ళు 2022 బీజింగ్‌లో వెండి కూడా గెలుచుకున్నారు.

పరీక్ష చెప్పేది ఉందో లేదో మాత్రమే, ఎలా వచ్చిందో చెప్పదు. 2002 సాల్ట్‌లేక్ సిటీలో బ్రిటన్ స్కీయర్ అలైన్ బ్యాక్స్‌టర్ కంచు పతకం పోగొట్టుకున్నది విక్స్ ఇన్‌హేలర్ వల్ల. బ్రిటన్‌లో అమ్మే విక్స్‌లో లేని నిషిద్ధ పదార్థం అప్పటి అమెరికా విక్స్‌లో ఉండేది. పేరు ఒకటే, లోపలి సరుకు వేరు. ప్రయోగశాల తప్పేమీ చెప్పలేదు. అలాగని ప్రయోగశాలలూ తనిఖీకి అతీతం కావు. మన ఢిల్లీ ప్రయోగశాల గుర్తింపును వాడా 2019 ఆగస్టులో నిలిపేసి 2021 డిసెంబరులో మళ్ళీ ఇచ్చింది. ఆ మధ్యకాలంలో మన ఆటగాళ్ళ సీసాలు పరాయిదేశాలకి వెళ్ళాయి.

మీ ఇంట్లో పిల్లలు పోటీల్లో ఆడుతుంటే, జలుబుకో దగ్గుకో మందుల షాపుకి వెళ్ళినప్పుడు సీసా వెనక సన్న అక్షరాలు చదవండి. డాక్టరుకి వీడు ఆటగాడని మొదటే చెప్పండి. నిజంగా అవసరమైన మందుకి ముందుగా అనుమతి అడిగే దారి ఉంది. మూత బిగించాక ఆ దారి చాలా ఇరుకు.