చేతితో దట్టించిన తూటా

రైఫిల్ తూటాలో నాలుగు భాగాలుంటాయి: ఇత్తడి కేస్, దాని అడుగున నిప్పు పుట్టించే ప్రైమర్, లోపల మందు, మూతి దగ్గర బిగించిన బుల్లెట్. తెలుగు వాడుకలో తూటా, బుల్లెట్ ఒకటే అన్నట్టు నడిచిపోతుంది గానీ, అమెరికా పడమటి కొండల్లో ఎల్క్‌ను వేటాడేవాళ్లకు ఆ రెండూ వేరు. జంతువును తాకేది బుల్లెట్ ఒక్కటే. మిగతా మూడూ దాన్ని అక్కడిదాకా చేర్చే సరంజామా. కాల్చాక మిగిలిన ఖాళీ కేస్‌ను పారేయకుండా, కొత్త ప్రైమర్ పెట్టి, మందు పోసి, తనకు నచ్చిన బుల్లెట్ బిగించి ఇంట్లోనే మళ్లీ తూటాగా చేసుకోవడాన్ని హ్యాండ్‌లోడింగ్ అంటారు. కొలరాడో, వయోమింగ్, మోంటానా, ఐడహో రాష్ట్రాల్లో ఇది గ్యారేజీ మూలన ఒక బల్ల మీద సాగే పాత అలవాటు. వేట నిషిద్ధమై, తూటాల తయారీకి లైసెన్సు తప్పనిసరి అయిన భారతదేశంలో దీనికి చోటు లేదు.

ఎల్క్ దుప్పి జాతి జంతువు. కాశ్మీరు హంగుల్‌కు దగ్గరి చుట్టం, మన కణుజుకు దూరపు చుట్టం. రాకీ పర్వతాల్లో ఎదిగిన మగ ఎల్క్ మూడు వందల కిలోల పైచిలుకు తూగుతుంది. భుజం ఎముకలు మందం, చర్మం దళసరి, కండ బిగువు. వీటికి మించి ప్రాణం గట్టిది. గుండె, ఊపిరితిత్తులు ఉన్న చోట కాకుండా మరెక్కడ తగిలినా దట్టమైన చెట్లలోకి దూరి, లోయలు దాటి, వేటగాడికి మళ్లీ కనిపించని దూరం వెళ్లిపోగలదు. గాయపడి దొరకకుండా పోయిన జంతువు ఆ సంప్రదాయంలో పెద్ద తలవంపు. బుల్లెట్ గురించి అక్కడ జరిగే వాదాలన్నిటికీ మూలం ఇదే.

బుల్లెట్ చేయాల్సిన పనులు రెండు, అవి ఒకదానికొకటి పొసగవు. చర్మం దాటగానే ముందు భాగం పుట్టగొడుగులా విచ్చుకుని వెడల్పైన గాయం చేయాలి. అదే సమయంలో ముక్కలైపోకుండా, బరువు నిలుపుకుని, ఎముకను దాటి లోతుకు వెళ్లాలి. బాగా విచ్చుకునేది లోతుకు పోదు. లోతుకు పోయేది సరిగా విచ్చుకోదు. విచ్చుకునే బుల్లెట్‌కు మన దేశంతో ఒక సంబంధం ఉంది. 1890లలో కలకత్తా దగ్గరి డమ్‌డమ్ ఆయుధాగారంలో బ్రిటిష్ సైన్యం కోసం మొన దగ్గర సీసం బయటపడేలా బుల్లెట్లు చేశారు. ఊరి పేరే ఆ రకానికి స్థిరపడింది. 1899 హేగ్ ప్రకటన యుద్ధంలో వాటిని నిషేధించింది. వేటలో నియమం సరిగ్గా తలకిందులు: ఎల్క్ మీద విచ్చుకునే బుల్లెట్ తప్ప మరొకటి వాడకూడదని కొలరాడో చట్టమే చెబుతుంది. మనిషి మీద క్రూరమని తోసిపుచ్చినదే, జంతువు త్వరగా ప్రాణం విడుస్తుందన్న కారణంతో ఇక్కడ తప్పనిసరి అయింది.

సాధారణ వేట బుల్లెట్ నిర్మాణం తేలిక. లోపల సీసం, పైన పలచటి రాగి మిశ్రమపు తొడుగు, మొన దగ్గర కాస్త సీసం బయటికి. మధ్యస్థమైన వేగంలో ఇది చక్కగా పనిచేస్తుంది. వేగం పెరిగిన కొద్దీ చిక్కు మొదలవుతుంది. 1946లో జాన్ నోస్లర్ అనే వేటగాడు కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో .300 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్ రైఫిల్‌తో మూస్ అనే పెద్ద దుప్పి వేటకు వెళ్లాడు. మూస్ ఒంటినిండా ఎండిన బురద. వేగంగా వెళ్లిన బుల్లెట్లు పైపైనే పగిలిపోయాయి, లోపలికి దిగలేదు. ఇంటికొచ్చాక ఆయన ఆలోచించిన పరిష్కారం ఇప్పుడు చూస్తే ఎంతో మామూలుగా కనిపిస్తుంది. తొడుగును గొట్టంలా కాకుండా నడుమ అడ్డగోడతో చేసి, గోడకు ముందొక సీసం ముద్ద, వెనకొక సీసం ముద్ద పెట్టాడు. ముందుది విచ్చుకుంటుంది, అవసరమైతే ఊడిపోతుంది. వెనకది గోడ చాటున చెక్కుచెదరకుండా లోపలికి సాగిపోతుంది. అడ్డగోడ వల్లనే దానికి పార్టిషన్ అని పేరు. 1948లో ఆయన కంపెనీ పెట్టాడు. పార్టిషన్ ఎల్క్‌ను తాకాక దాదాపు మూడింట రెండు వంతుల బరువు నిలుపుకుంటుంది. ఆ తర్వాత వచ్చిన ప్రతి కొత్త బుల్లెట్‌నూ వేటగాళ్లు దీని పక్కన పెట్టే చూశారు.

ఆ తర్వాతి దారులు రెండు. ఒకటి, సీసాన్ని తొడుగుకు కరిగించి అతికించడం. ఐడహోలోని లూయిస్టన్‌లో బిల్ స్టైగర్స్ చేసిన బిటర్‌రూట్ బుల్లెట్లు ఈ రకంలో తొలి పేరు. నోస్లర్ అక్యుబాండ్ లాంటివి ఆ బాటలో వచ్చాయి. స్విఫ్ట్ ఎ-ఫ్రేమ్ అయితే అతికింపునూ అడ్డగోడనూ కలిపేసుకుంది. రెండో దారి సీసాన్నే వదిలేయడం. బార్న్స్ కంపెనీని నడిపిన ర్యాండీ బ్రూక్స్ 1989లో పూర్తి రాగితో చేసిన ఎక్స్ బుల్లెట్‌ను మార్కెట్లోకి తెచ్చాడు. మొనలో చిన్న రంధ్రం. తాకగానే నాలుగు రేకులుగా విచ్చుకుంటుంది, బరువు దాదాపు తగ్గదు. తొలి రకం బారెల్ లోపల రాగి మరకలు వదిలేదన్న ఫిర్యాదు గట్టిగా వినిపించింది. ఒంటి చుట్టూ గాళ్లు కోసి, రాపిడి తగ్గించిన టీఎస్‌ఎక్స్‌తో అది చాలావరకు సద్దుమణిగింది.

బరువు సంగతికి వస్తే, బుల్లెట్లనూ మందునూ తూచే కొలత గ్రెయిన్. పేరు ధాన్యపు గింజదే. కంసాలి గురివింద గింజతో బంగారం తూచినట్టే ఇదీ గింజ నుంచి పుట్టిన కొలత. ఒక పౌండుకు 7,000 గ్రెయిన్లు, ఒక గురివింద దాదాపు రెండు గ్రెయిన్లు. ఎంత బరువు బుల్లెట్ కావాలన్నదాని మీద ఇద్దరు రచయితలు ఏళ్ల తరబడి తగువులాడుకున్నారు. ‘అవుట్‌డోర్ లైఫ్’ పత్రికలో తుపాకుల శీర్షిక నడిపిన జాక్ ఓకానర్‌కు 1925లో పుట్టిన .270 వించెస్టర్ తూటా అంటే ప్రాణం. తేలికైన 130 గ్రెయిన్ల బుల్లెట్, ఎక్కువ వేగం, సరైన చోట దెబ్బ అన్నది ఆయన పక్షం. ఐడహో పశువుల కాపరి ఎల్మర్ కీత్‌కు అది ఎల్క్ ముందు పిల్లకాయల సామాను. పెద్ద బోరు, 250 గ్రెయిన్లు దాటిన బుల్లెట్ ఆయన మాట. నిజానికి ఇద్దరూ తమ కాలపు బుల్లెట్ల బలహీనతకు చెరో విరుగుడు చెబుతున్నారు. మంచి నిర్మాణం వచ్చాక ఆ తగువులో సగం పస పోయింది. ఈనాడు .30-06 తూటాలో 165 నుంచి 180 గ్రెయిన్ల పార్టిషన్, లేదా అంతకంటే కాస్త తేలికైన రాగి బుల్లెట్ ఎల్క్‌కు చాలునన్న మాటకు పెద్దగా ఎదురు లేదు. కొలరాడోలో ఎల్క్‌కు చట్టం పెట్టిన కనీస బరువు 85 గ్రెయిన్లే. అది గడప మాత్రమే, సలహా కాదు.

ఇంట్లో తూటాలు చేసుకోవడం గేదెలాంటి బైసన్‌ను వేటాడినవాళ్ల నాటి సంగతి. 1870లలో మైదానాల్లో గుడారాల పక్కన సీసం కరిగించి పోతపోసుకునేవారు. ఈ అలవాటు ఇంటింటికీ పాకింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే. కాన్సస్‌లో బ్రూస్ హాడ్జ్‌డన్ సైన్యం దగ్గర మిగిలిపోయిన మందును కొని చవగ్గా అమ్మాడు. ఫిరంగి తూటాల నుంచి తీసిన 4831 రకం మందు ఓకానర్ .270కి అచ్చంగా సరిపోయింది. లూయిస్టన్‌లో వెర్నన్ స్పీర్, నెబ్రాస్కాలో జాయిస్ హోర్నడీ బుల్లెట్లు చేశారు. కాలిఫోర్నియాలో ఫ్రెడ్ హంటింగ్టన్ 1943లో మొదలుపెట్టిన ఆర్‌సీబీఎస్ అచ్చులు, ప్రెస్సులు అమ్మింది.

పని మొదలయ్యేది ఖాళీ కేస్‌తో. పేలినప్పుడు ఇత్తడి సాగి, రైఫిల్ గదికి అతుక్కుని, వాయువు వెనక్కి రాకుండా ఆపుతుంది. అలా సాగినదాన్ని ప్రెస్సులో డై అనే ఉక్కు అచ్చులోకి నొక్కి పాత కొలతకు తెస్తారు. అదే కదలికలో వాడేసిన ప్రైమర్ ఊడివస్తుంది. మళ్లీ మళ్లీ నొక్కితే కేస్ పొడవు పెరుగుతుంది. .30-06లో అది 2.494 అంగుళాలు మించకూడదు, మించితే కత్తిరిస్తారు. మూతి పగిలిందేమో, అడుగుకు కాస్త పైన మెరుపు గీత కనిపిస్తోందేమో చూడాలి. ఆ గీత అంటే అక్కడ ఇత్తడి పలచబడి తెగడానికి సిద్ధంగా ఉందని. అలాంటి కేస్ చెత్తబుట్టకే. వంటింట్లో పగిలిన కుండకు లక్క అతికించి వాడినట్టు ఇక్కడ కుదరదు.

ప్రైమర్ కూర్చాక మందు. .30-06కు పరిశ్రమ పెట్టిన పీడన పరిమితి చదరపు అంగుళానికి 60,000 పౌండ్లు. కారు టైరులో ఉండేది ముప్పై చిల్లర. ఈ తేడా తెలిసినవాళ్లు ఊహకు పని చెప్పరు. ప్రతి బుల్లెట్‌కూ, ప్రతి మందుకూ కంపెనీలు అచ్చువేసే పుస్తకంలో మొదలుపెట్టే తూకం, దాటకూడని తూకం ఉంటాయి. కింది తూకంతో మొదలుపెట్టి, కొద్దికొద్దిగా పెంచుతూ, ఒక్కో మెట్టులో కొన్ని తూటాలు కాల్చి చూస్తారు. ప్రైమర్ మొహం చదునైపోవడం, రైఫిల్ గదిని మూసే బోల్ట్‌ను పైకి లేపడం కష్టమవడం హెచ్చరికలు. అక్కడ ఆగి వెనక్కి రావాలి. బల్ల మీద ఒకే మందు డబ్బా ఉండాలన్నది పాత నియమం. రెండు ఉంటే ఎప్పుడో ఒకప్పుడు చేయి పొరపాటు పడుతుంది.

ఎల్క్ వేటగాళ్లు తరచూ మరచేది వాతావరణం. తూటా సరిచూసేది జూలై ఎండలో. వాడేది మంచు పడే నవంబరులో. కొన్ని మందులు చలికి వేగం కోల్పోతాయి, వేడికి పీడనం పెంచుతాయి. ఈ తేడా తక్కువగా ఉండేలా చేసిన మందులు ఇప్పుడు దొరుకుతున్నాయి. వాటిని ఎంచుకునేవాళ్లు కూడా వేసవిలోనే అంచుదాకా నింపకుండా కాస్త తగ్గించి వదిలేయడం తెలివి.

బుల్లెట్‌ను కేస్‌లో ఎంత లోతుకు దింపాలన్నది చివరి మెట్టు. బారెల్ లోపలి గాళ్లకు బుల్లెట్ ఎంత దగ్గరగా ఉంటే గురి అంత కుదురుతుందన్నది గురిపోటీల వాళ్ల సూత్రం. వేటలో దాన్ని గుడ్డిగా పాటిస్తే చిక్కులే. గాళ్లను తాకి కూర్చున్న బుల్లెట్ పీడనం పెంచుతుంది; తూటా పొడవై మ్యాగజైన్‌లో పట్టదు; పేల్చకుండా బయటికి లాగితే బుల్లెట్ బారెల్‌లోనే ఇరుక్కోవచ్చు. రాగి బుల్లెట్లు అంగుళంలో ఇరవయ్యో వంతు దూరం ఎగిరి గాళ్లను అందుకున్నా బాగానే పోతాయి. ఎల్క్ తూటాకు సన్నటి గురి కన్నా, చేతులు గడ్డకట్టిన వేళ కూడా గదిలోకి సాఫీగా జారడం ముఖ్యం.

ఇంత శ్రమ డబ్బు కోసమే అనేవాళ్లున్నారు. కేస్ మళ్లీ వాడుకోవడం వల్ల ఒక్కో తూటాకు ఖర్చు తగ్గే మాట నిజం. అయితే పనిముట్ల ఖరీదు తిరిగి రావాలంటే చాలా తూటాలు కాల్చాలి, ఎల్క్‌కు ఏడాదిలో పట్టేది ఒకటో రెండో. అసలు లాభం వేరే. తన తూటా వేగాన్ని క్రోనోగ్రాఫ్‌తో కొలుచుకున్నవాడికి ఆ బుల్లెట్ ఎంత దూరం తర్వాత విచ్చుకునే వేగం కోల్పోతుందో లెక్క తెలుస్తుంది. చాలా వేట బుల్లెట్లకు ఆ హద్దు సెకనుకు 1,800 అడుగుల దగ్గర ఉంటుంది, 180 గ్రెయిన్ల .30-06 తూటా బయల్దేరేది 2,700 అడుగుల వేగంతో. ఈ రెండింటి మధ్య దూరమే వేటగాడు ట్రిగ్గర్ నొక్కదగిన దూరం.

రాగి బుల్లెట్ల వైపు మొగ్గు పెరగడానికి ఇంకో కారణం కూడా ఉంది. సీసం బుల్లెట్ విచ్చుకునేటప్పుడు సన్నటి తునకలు మాంసంలోకీ పేగుల్లోకీ చిమ్ముతాయి. వేటగాడు వదిలేసిన పేగులను తిని కాలిఫోర్నియా కాండర్ రాబందులు సీసం విషంతో చనిపోయాయి. 1982 నాటికి ఆ జాతిలో మిగిలినవి 22 పక్షులే. కాలిఫోర్నియా 2019 జూలై 1 నుంచి వేటలో సీసం తూటాలను రాష్ట్రమంతటా నిషేధించింది. సీసం కంటే రాగి తేలిక కాబట్టి అదే బరువులో రాగి బుల్లెట్ పొడవుగా ఉంటుంది, కేస్‌లో మందు చోటును కొంత ఆక్రమిస్తుంది. అందుకే సీసం బుల్లెట్‌కు రాసిన తూకాన్ని దానికి వాడకూడదు. 180 గ్రెయిన్ల సీసానికి అలవాటుపడినవాళ్లు రాగిలో 150కో 165కో దిగి, పుస్తకంలో ఆ బుల్లెట్‌కున్న పేజీ తెరిచి, కింది తూకం నుంచి మళ్లీ మొదలుపెడతారు.