'టాక్సిసిటీ' గీతసంపుటి: వార్తయు, ధ్వనియు

ఉన్నదున్నట్లు తెలుపు మాట యెంత సత్యమైనను, వక్రోక్తి లేనిచో నది వార్తయే కాని కావ్యము గాదని భామహుని మతము. రాజకీయ గేయములను పరిశీలించునప్పు డీ మాట పదేపదే జ్ఞప్తికి వచ్చును. లాస్ ఏంజలెస్ నగరమునకు జెందిన 'సిస్టమ్ ఆఫ్ ఎ డౌన్' అను రాక్ బృందము 2001 సెప్టెంబరు 4వ తేదీన వెలువరించిన రెండవ సంపుటి 'టాక్సిసిటీ' యీ విచారణకు మంచి లక్ష్యము.

బృందసభ్యులు నల్వురును ఆర్మీనియను వంశీయులు. ప్రధాన గాయకుడు సెర్జ్ టాన్కియన్ బేరూత్ నగరమున జన్మించినవాడు. 1915లో ఆటోమను సామ్రాజ్యమున నారంభమైన జాతిసంహారమునుండి బ్రతికి బయటపడినవారి మనుమడు. 1998 నాటి తొలి సంపుటియందలి కడపటి పాట యా సంహారమును గూర్చినదే. రెండవ సంపుటిలో క్రోధము అమెరికా వంకకు మరలినది.

మొదటి పాట 'ప్రిజన్ సాంగ్'. ఆనాడు అమెరికా కారాగారములలో సుమారు 20 లక్షలమంది యుండిరి. మాదకద్రవ్యములపై పోరను పేర చిన్న నేరములకును నిర్బంధముగా కనిష్ఠశిక్ష విధించు శాసనములను ఈ పాట యధిక్షేపించును. విషయము సత్యము, ఆవేశము నిష్కపటము. అయినను నడుమ గాయకుడు పాట మాని, నివేదిక చదువువానివలె పరిశోధనల ఫలితములను, విధానసూచనలను వల్లించును. ఇది భామహుడు చెప్పిన వార్తయే. కాని యొక విశేషము గలదు. ఆ పొడిమాటల కిరువైపులను గిటారుల మ్రోతయు, డ్రమ్ముల దెబ్బయు ఆగి యాగి పడుచుండును. పుటపై చదివినచో నిలువని పాట వినుటలో నిలుచుచున్నది. ముద్రిత పాఠము నొక్కదానినే ప్రమాణముగా గొని గేయమును తూచుట పొరపాటు; ఆ పొరపాటు నేనును చేసియున్నాను.

'చాప్ సూయీ' మార్గము వేరు. ఇందు రాజకీయ పద మొక్కటియు లేదు. ఉదయపు తొందరపాటు మాటలతో నారంభమై, సిలువపై యేసు పలికిన ఆర్తవాక్యములకు చేరును. మరణించిన విధమును బట్టి లోకము మృతునికి తీర్పు చెప్పుననుట యిందు వాచ్యము గాదు, ధ్వని. ఆ ధ్వనికి కాలము క్రూరమైన వ్యాఖ్య వ్రాసినది. తొలి వారముననే సుమారు 2 లక్షల 20 వేల ప్రతులు అమ్ముడై, సంపుటి బిల్‌బోర్డు పట్టికలో ప్రథమస్థానము నందిన దినములలోనే సెప్టెంబరు 11 దాడులు జరిగినవి. క్లియర్ ఛానెల్ సంస్థ తన రేడియో కేంద్రములకు పంపిన అనుచితగీతముల జాబితాలో ఈ పాట చేరినది. అది నిషేధము గాదు, సూచన మాత్రమే; ఆత్మహత్య ప్రసక్తి యుండుటయే కారణము గావచ్చును. ప్రభుత్వమును నేరుగా నిందించిన 'ప్రిజన్ సాంగ్' నెవరును పట్టించుకొనలేదు. అది రేడియోకై విడిగా విడుదలైన పాట గాకపోవుటయు నిజమే. అయినను నిందకంటె ధ్వనియే యధికారులను కలవరపెట్టినదనుట విమర్శకునకు విస్మరింపరాని విషయము.

'బౌన్స్' వంటి కేళీగీతములను గూర్చి చెప్పవలసినంత లేదు. 'డీర్ డాన్స్' 2000లో లాస్ ఏంజలెస్‌లో డెమోక్రాటిక్ పక్ష మహాసభ వెలుపల జరిగిన నిరసనలను చిత్రించును. పోలీసుల బలమునకును నిరసనకారుల యౌవనమునకును గల వైషమ్యము చక్కగా కుదిరినది.

కడపటి పాట 'ఏరియల్స్' ముగిసిన పిమ్మట, అట్టపై పేరు లేని ఆర్మీనియను ప్రార్థనాగీత మొకటి అర్తో తుంచ్‌బోయాజియాన్ సహకారముతో వినవచ్చును. అందు నినాదము లేదు, గణాంకము లేదు. తొలి సంపుటి చివర నరచి చెప్పినదానిని ఈ గీతము చెప్పకయే వినిపించుచున్నది.