కళ్ళు కల్లయిన కథ

“ఆమె కల్లు ఎర్రబడ్డాయి.”

నేను అమెరికా వచ్చిన కొత్తలో, 2004లో రాసిన మొదటి కథలో వాక్యమిది. తెనాలిలో తెలుగు లెక్చరరుగా చేసి రిటైరైన మా మామయ్యకి ఆ కథ ప్రింటు తీసి పంపాను. ఆయన ఫోనులో అడిగిన మొదటి ప్రశ్న: “ఏరా అల్లుడూ, డాలస్‌లో ఎర్ర కల్లు కూడా దొరుకుతోందా?” అంతటితో ఊరుకోలేదు. “సముద్రం దాటగానే మీకు ళకారం మునిగిపోతుందిరా” అన్నాడు. ప్రవాసుల రచనల మీద ఇదే మాట ఆ తర్వాత ఎన్నిసార్లు విన్నానో. ఊరికి దూరమయ్యారు కాబట్టి భాషకీ దూరమయ్యారని తీర్పు.

నా వాదన వేరు. ళ నా నాలుక మీదే ఉంది. లేనిది వేలికింద. అప్పట్లో మాలో చాలామందిమి ఆర్.టి.ఎస్. పద్ధతిలో తెలుగు కొట్టేవాళ్ళం. అది 1990ల మొదట్లో హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో పుట్టింది. ఇరవై ఆరు ఇంగ్లీషు అక్షరాలతో యాభై పైచిలుకు తెలుగు అక్షరాలు రాయాలి కనక చిన్నబడి, పెద్దబడి తేడాని వాడుకున్నారు. చిన్న ఎల్ ‘ల’, పెద్ద ఎల్ ‘ళ’. న, ణలదీ అదే సంగతి. రాత్రి పదకొండింటికి, ఆఫీసు పని అయ్యాక కథ కొడుతుంటే షిఫ్టు మీట ఒకటి తప్పేది, కళ్ళు కల్లయ్యేవి. మొదటి తప్పు మీటది. అచ్చుకి ఇచ్చేముందు మళ్ళీ చదువుకోకపోవడం మాత్రం నాదే, దానికి మామయ్య తిట్లు న్యాయమే.

నేననేది ఇంతే. రాతని తూచేవాళ్ళు రాసిన పనిముట్టుని కూడా చూడాలి. పనిముట్టు పెట్టిన ఇబ్బంది కొన్నాళ్ళకి రచయిత లోపంగానో, భాష స్వభావంగానో చెలామణీ అవుతుంది. టైపురైటరునే తీసుకోండి. ఇంగ్లీషు కోసం చేసిన నలభై చిల్లర మీటల పెట్టెలో గుణింతాలూ ఒత్తులూ ఇరికించాలి. అక్షరాన్ని ముక్కలు చేసి తలా ఒక మీటకీ పంచారు. ఆ అతుకులు చూసి మన లిపి యంత్రానికి పనికిరాదని పెదవి విరిచినవాళ్ళని ఎరుగుదును. పెట్టె మనకి పనికిరాదని అనాలనిపించలేదు వాళ్ళకి.

సెల్‌ఫోను కథ ఇంకా తమాషా. ఒక ఎస్సెమ్మెస్‌లో పట్టేది 140 బైట్లు. ఇంగ్లీషులో రాస్తే 160 అక్షరాలు, తెలుగులో 70. ‘స్త్రీ’ అన్న ఒక్క మాటకే అందులో ఆరు పోతాయి: స, త, ర, మధ్యలో రెండు పొల్లులు, చివర గుడిదీర్ఘం. మెసేజీకింత అని డబ్బు కట్టే రోజుల్లో ఎవడు రాస్తాడు తెలుగులో? చాలా ఫోన్లు తెలుగు చూపించేవే కావు. అందరం ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టాం. ఆ లెక్కలు పోయి చాలా ఏళ్ళయింది. మా మేనకోడలు గుంటూరులో కూర్చుని, తెలుగు కీబోర్డున్న ఫోనులో, ఇప్పటికీ అలాగే కొడుతుంది. ఆ పిల్లకి భాషాభిమానం లేదని సభల్లో ఉపన్యాసాలిచ్చే పెద్దలు ఈ 70 అంకె చెప్పగా నేను వినలేదు.

ఒక్కోసారి నింద ఏకంగా అక్షరానికే తగులుతుంది. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అన్న అక్షరం ఒక తీరులో కోడు చేసి పంపితే ఐఫోన్లలో మెసేజీల ప్రోగ్రాములు కూలిపోయాయి. తెలుగు అక్షరం ఫోన్లని చంపుతోందన్నారు. తప్పు దాన్ని గీసే ప్రోగ్రాముది, ఆ నెల్లోనే దిద్దారు కూడా.

అన్నిచోట్లా యంత్రాన్నే తిట్టడం కూడా సరికాదు. ‘చలి’లో చ, ‘చంద్రుడు’లో చ ఒకటి కావు. మొదటిది దంత్యం. బ్రౌన్ నిఘంటువు తిరగేస్తే ౘ, ౙ అని విడిగా కనిపిస్తాయి. యూనికోడ్‌లో తెలుగుకి 1991లోనే 128 గళ్ళు కేటాయించారు, వాటిలో ఖాళీలు బోలెడు. అయినా ఈ రెండక్షరాలూ ఎక్కింది 2008లో. నకారపొల్లుకి 2021 దాకా దిక్కు లేదు. అక్కడ అడ్డం పడింది చోటు కాదు. పట్టుబట్టి అడిగేవాళ్ళు లేకపోవడం. మన సంఘాల్లో చాలామందిమి కంప్యూటర్లవాళ్ళమే కదా అనుకుంటే నాకు కొంచెం సిగ్గేస్తుంది.

ఇక మామయ్య సంగతి. ఆయన పల్లెకథల పుస్తకం 1999లో అచ్చయింది. డి.టి.పి. చేసినవారు ఇచ్చిన ఫైలు సీడీ మీద ఉండేది. ఆయన పోయాక మళ్ళీ అచ్చు వేద్దామని తెరిస్తే తెరనిండా ఇంగ్లీషు అక్షరాల పిచ్చిగీతలు. ఆనాటి ఫాంట్లలో చాలావాటికి అంతే. ఫైల్లో ఉండేది తెలుగు కాదు, ఇంగ్లీషు కోడులకి తగిలించిన తెలుగు అక్షరాల ముక్కలు. ఆ ఫాంటు లేనిచోట ఆ కథలూ లేవు. మన పుస్తకాలు ఒక తరంవి ఇలాగే తాళం పడి ఉన్నాయి. కవులు చాలడం లేదని బాధపడే విమర్శ ఈ నష్టం లెక్క ఎందుకు వెయ్యదో నాకు తెలియదు.

కన్వర్టర్లు కొన్ని ప్రయత్నించాను, ఒత్తులన్నీ తారుమారయ్యాయి. చివరికి అచ్చుపుస్తకం పక్కన పెట్టుకుని ఆర్నెల్లపాటు వారాంతాల్లో మొత్తం మళ్ళీ కొట్టాను. అత్తయ్య ఇచ్చిన ఆ ప్రతిలో మొదటి మూడు పేజీల్లో చ, జల మీద నీలం పెన్నుతో సన్నటి గుర్తులున్నాయి. చలి, జొన్న, చుట్టం, ఇలా అన్నిటి మీదా. ఏమిటని అత్తయ్యని అడిగాను. “ఆ అక్షరాలు మా ఫాంటులో లేవు మాస్టారూ అన్నారట. అన్ని ప్రతులకీ తానే పెడతానని కూర్చున్నాడు. ఎన్నని పెడతాడు నాయనా” అంది.

నాలుగో పేజీ నించి గుర్తుల్లేవు. ఆ పుస్తకానికి అప్పట్లో వచ్చిన ఒక సమీక్ష కత్తిరించి అట్టలో పెట్టుకున్నాడాయన. మాండలికపు ఉచ్చారణ రచయితకి పట్టుబడలేదని ఉంది అందులో. నన్ను కల్లు అని ఏడిపించిన మనిషి ఈ మాట ఒక్కసారైనా చెప్పలేదు.

కొత్త ప్రతిలో ౘ, ౙలు అన్నిచోట్లా పెట్టాను, నాలుగో పేజీ నించీ కూడా. ఎక్కడ పెట్టాలో అత్తయ్యే ఫోనులో పలికి చెప్పింది.