మెడలో సున్నం

ఈ వారం నాకు కోపం తెప్పించింది ఒక ఉచిత సలహా. కోరుట్ల నుంచి ఓ నానమ్మ మెడనొప్పితో ఉన్న ఏడేళ్ల మనవణ్ని జగిత్యాలలో నా దగ్గరికి తీసుకొచ్చింది. వారం నుంచి పాలు బంద్. "మెడల సున్నం పట్టిందట సారూ, పాలు తాగితే ఇంకింత పడ్తదన్నరు." దుబాయిలో ఉన్న తండ్రి ఆపరేషన్‌కు అప్పు వెతుకుతున్నాడు.

సున్నం మాట నిజమే. వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు నడుమ కాల్షియం పేరుకుంది. 1924లోనే బారన్ అనే వైద్యుడు ఓ పిల్లవాడిలో దీన్ని చూసి రాశాడు. చాలా అరుదు. వస్తే ఎక్కువగా 5 నుంచి 12 ఏళ్ల మధ్య, మెడలోనే. పాలకూ దీనికీ ఏ సంబంధమూ లేదు.

నాకో పాత పట్టుదల ఉంది: ఎక్స్‌రే ఫిల్ము కంటే ముందు పిల్లగాణ్ని చూడాలి. వెనక నుంచి పేరు పెట్టి పిలిచాను. మెడ తిప్పలేదు, భుజాలతో సహా ఒళ్లంతా తిప్పాడు. నా వేళ్లు గట్టిగా పిండమన్నాను, చొక్కా గుండీలు పెట్టుకోమన్నాను, వరండాలో నడిపించాను. రాత్రి నొప్పికి లేస్తున్నాడా, జ్వరముందా, ఇంట్లో ఎవరైనా క్షయ మందులు వాడుతున్నారా అని అడిగాను. అన్నిటికీ లేదనే అన్నది.

సిరిసిల్లలో, మరమగ్గాల సాంచల చప్పుడు మధ్య పెరిగిన నా చిన్నతనంలో మెడ పట్టేస్తే దిండు ఎండలో వేసేవాళ్లు. దానితో నష్టం లేదు. పట్టి మెడ విరిచేవాళ్లతోనే నాకు భయం. గొంతునొప్పి తర్వాత మెడ వంకరైన పిల్లల్లో పై రెండు పూసలు జారి ఉండొచ్చు, అలాంటి మెడను ఒక్క మెలి తిప్పితే వెన్నుపాముకే ముప్పు.

ఎప్పటిలా ఎక్స్‌రేల మోజును తిడదామనే కూర్చున్నాను. కానీ ఈసారి నా చేతులు చెప్పలేనిది పక్కనుంచి తీసిన ఆ మామూలు ఎక్స్‌రేనే చెప్పింది. క్షయ అయితే డిస్కు కుంచించుకుపోయి, పక్క పూసలు కొరికినట్టుంటాయి. వీడి పూసలు నిక్షేపంగా ఉన్నాయి, మధ్యలో తెల్లటి బిళ్ల. పైగా మొదటి రోజుల్లో ఆ బిళ్ల కనిపించకపోవచ్చు, నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయాల్సిందే. పిల్లల మెడ విషయంలో ఇక ఫిల్మును తిట్టను.

మెత్తటి కాలర్, నొప్పి మందు, విశ్రాంతి. చాలామందికి వారాల్లో నొప్పి పోతుంది, నెలల్లో సున్నమూ కరుగుతుంది. తండ్రికి ఫోన్ చేసి అప్పు ఆపమన్నాను, పాలు మొదలుపెట్టమన్నాను. చేతి పట్టు తగ్గినా, నడక తూలినా, మూత్రం ఆగకపోయినా మాత్రం అదే రోజు రావాలని, అప్పుడు ఎంఆర్‌ఐ తప్పదని నానమ్మకు రెండుసార్లు చెప్పాను.