ప్రాక్టీస్ అంటే ఏం చేయమని?

"రోజూ ప్రాక్టీస్ చెయ్యి" అన్న మాట ఇప్పుడు తెలుగిళ్లలో లెక్కల పుస్తకం తెరిచిన పిల్లకూ, వీణ ముందు కూర్చున్న పిల్లకూ, బ్యాటు పట్టిన పిల్లాడికీ ఒకేలా వినపడుతోంది. మాట ఒకటే గానీ పనులు మూడు. లెక్కలో కొత్త చిక్కును తనంత తాను విప్పుకోవాలి. వీణ మీద అదే స్వరవరుసను మూడు కాలాల్లో వాయించాలి. బ్యాటుతోనైతే వచ్చే బంతిని బట్టి కాలు కదపాలి. ఎలా చేయాలన్నది ఆ మాటలో లేదు, ఎంతసేపు చేయాలన్న లెక్కే ఉంది. ఇంగ్లిషు మాట వాడొద్దని నేననడం లేదు. ఆ ఒక్క మాటే మిగిలితే నేర్చుకునేవాళ్లు నష్టపోతారంటున్నాను.

ఆ క్రియ పుట్టిన చోట ఇంత ఒంటరిది కాదు. 'చేయడం' అనే అర్థమున్న గ్రీకు మూలం నుంచి లాటిన్, ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషుకు వచ్చింది. బ్రిటిష్ వాళ్లు నామవాచకాన్ని 'సి'తో, క్రియను 'ఎస్'తో రాస్తారు. అమెరికన్లు రెండింటికీ 'సి'నే వాడతారు. తెలుగు లిపిలో ఆ తేడా ఎలాగూ నిలవదు. పక్కన 'చేయు' చేరిస్తే ఏ నామవాచకమైనా మనకు క్రియే కాబట్టి ఇక్కడ అది ఇట్టే అల్లుకుపోయింది. అయితే ఇంగ్లిషులో దాని చుట్టూ చుట్టాలున్నారు. రిహార్స్ అన్న క్రియకు మూలం పాత ఫ్రెంచిలో దున్నిన నేలను దంతెతో మళ్లీ గీరడం. ప్రదర్శనకు ముందు మొత్తాన్నీ మరోసారి కలియదిప్పి చూసుకునే పనికి ఎంత చక్కగా అతికింది! డ్రిల్ డచ్చి నుంచి వచ్చింది, తొలిచినట్టు ఒకే చోట తిప్పడం దానికి మూలం. ట్రైన్‌లో లాగడం ఉంది, తీగను పందిరి మీదికి మళ్లించడమూ ఉంది. ప్రాక్టీస్‌కే మరో రెండు అర్థాలున్నాయి. మన రాజ్యాంగం 19వ అధికరణంలో ఏ వృత్తినైనా చేపట్టే హక్కు గురించి చెప్పినప్పుడూ ఆ క్రియే, 25వ అధికరణంలో మతాన్ని ఆచరించే స్వేచ్ఛ గురించి చెప్పినప్పుడూ ఆ క్రియే. తెలుగువాళ్లం మొదటిదాన్ని తీసుకున్నాం, ఆయన హైకోర్టులో ప్రాక్టీస్ చేస్తున్నారంటాం. రెండోదాన్ని ముట్టలేదు. మతాన్ని ఎవరూ ప్రాక్టీస్ చేయరు, ఆచరిస్తారు. అక్కడ మన మాట గట్టిగా నిలబడింది.

నేర్చుకునే చోట మాత్రం నిలబడలేదు. నిజానికి మన సంపదంతా అక్కడే ఉంది. గురువు చెప్పిన ముక్కను శిష్యుడు వెంటనే తిరిగి అనడం సంత. ఆ తర్వాత తనంత తాను మళ్లీ మళ్లీ అనుకోవడం వల్లె. గాయకుడు అకారంలో గొంతును సాగదీస్తే సాధకం. బరువులెత్తితే కసరత్తు, కర్ర తిప్పితే సాము. వీటన్నిటిలో నాకు అమూల్యమనిపించేది దిద్దడం. పలక మీద పెద్దలు రాసిన అక్షరం మీదే బలపం నడిపితే దిద్దడం అంటాం. తప్పును సరిచేసినా దిద్దడమే అంటాం. చేసే పనీ, తప్పు తెలుసుకుని సవరించుకోవడమూ ఒకే క్రియలో ఇమిడిపోయాయి.

ఈ ఇమిడికనే మనస్తత్వ శాస్త్రం వేరే దారిలో వెతుక్కుంది. 1993లో ఆండర్స్ ఎరిక్‌సన్, మరో ఇద్దరు పరిశోధకులు బెర్లిన్‌లోని సంగీత విద్యాలయంలో వయొలిన్ విద్యార్థులను పరిశీలించారు. సరదాగా వాయించడం వేరు, కచేరీలో వాయించడం వేరు, ఒంటరిగా కూర్చుని తన లోపం మీదే పనిచేయడం వేరు అని విడదీశారు. మూడోదానికి ప్రాక్టీస్ అన్న మాట చాలక దానికో విశేషణం తగిలించాల్సి వచ్చింది. 2008లో మాల్కమ్ గ్లాడ్‌వెల్ పుస్తకం వచ్చాక విశేషణం రాలిపోయి పదివేల గంటల లెక్క ఒక్కటే జనంలో మిగిలింది. గంటలు కాదు, చేసే తీరు ముఖ్యమని ఎరిక్‌సన్ ఆ తర్వాత గట్టిగానే అభ్యంతరం చెప్పారు.

అభ్యాసానికి అంత బలం లేదనేవాళ్లూ ఉన్నారు. 2014లో పాత పరిశోధనలన్నిటినీ కలిపి చూసిన ఒక విశ్లేషణలో సంగీతంలో మనుషుల మధ్య తేడాలకు అభ్యాసం కారణమైంది 21 శాతమే, చదువులో 4 శాతమే. కానీ ఆ వివాదంలో పెద్ద భాగం దేన్ని అభ్యాసంగా లెక్కించాలన్న దాని మీదే నడిచింది. పని పేరు స్పష్టంగా లేకపోతే కొలత ఎటూ తేలదు. అరువు మాటల మీద కోపమెందుకన్న ప్రశ్న కూడా వస్తుంది. నాకా కోపం లేదు. కసరత్తు, తాలీము అరబ్బీ మూలాల నుంచి వచ్చి మనవైపోయాయి. అవి ఒక్కో పనికి పేరుగా వచ్చాయి, పక్క మాటలను తుడిచిపెట్టలేదు. అన్నిటికంటే బరువైన అభ్యంతరం మరొకటుంది. సంత, వల్లె కొన్ని కులాల గడప లోపలి మాటలు, బయటివాళ్లను చాలాకాలం రానివ్వని చదువు తాలూకు మాటలు. ఇది నిజం, దీన్ని దాటవేయకూడదు. అయితే దిద్దడం పంతులు బడి నుంచి సర్కారు బడి దాకా అందరిదీ. సాము ఊరి గరిడీది. చేయి తిరగడం మగ్గం దగ్గరా, కొలిమి దగ్గరా, వంటశాలలోనూ పుట్టే మాట. వదులుకోవాల్సింది ఆ గడపలను. మాటలు ఇప్పుడు అందరివీ కావాలి.

తెలుగుకు మరో బలముంది. చేయగా చేయగా, రాయగా రాయగా అని క్రియనే రెండుసార్లు అంటే చాలు, అభ్యాసమూ దాని ఫలమూ ఒకే ఊపిరిలో వచ్చేస్తాయి. ఇలా జంటగా వచ్చిన మాటల్లో రెండోదాన్ని మన వ్యాకరణం ఆమ్రేడితమంది. సంస్కృతంలో ధాతువు మొదటి భాగాన్ని రెట్టించినప్పుడు ముందుండే దానికి పాణిని పెట్టిన పేరు అభ్యాసమే.

టీచర్లకూ తల్లిదండ్రులకూ నాదొక విన్నపం. ఈ వారం పిల్లలకు ప్రాక్టీస్ చేయమని చెప్పబోయే ముందు ఒక్క క్షణం ఆగండి. ఎక్కాలైతే వల్లె వేయమనండి, చేతిరాతైతే దిద్దమనండి, గొంతైతే సాధకం చేయమనండి, లెక్కైతే చిక్కు విప్పమనండి. ఏం చేయాలో ఆ క్రియే వాళ్లకు చెబుతుంది.